బుద్ధుడి ఒంటిమీద బెజ్జాలు

పోయిన మంగళవారం మా గోదాములోకి నల్లరాతి పలకలు దిగాయి. వంటింటి గట్ల మీద పరిచే రాళ్ళను తెప్పించి, కోసేవాళ్ళకు పంపే గోదాము మాది. ఊరు కెనడాలో కేంబ్రిడ్జ్. వచ్చిన పలకల్లో పగుళ్ళు లేవని చూసి కాగితం మీద సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఆ రోజు చెక్క చట్రం విప్పి చూద్దును కదా, నల్లటి నలుపు మీద బంగారు రజను చల్లినట్టు చుక్కలు. చట్రం మీద ఊరి పేరు కూడా ఉంది: చీమకుర్తి. నాకు తెలియకుండానే వేలికణుపుతో పలకను రెండుసార్లు తట్టి, చెవి ఆనించాను.

ఫోర్క్‌లిఫ్ట్ మీదున్న పంజాబీ పెద్దాయన ఇంజను ఆపి, "లోపల ఎవరైనా ఉన్నారా? తలుపు తీస్తారేమో, కాసేపు ఆగు" అన్నాడు.

నవ్వాను. కానీ ఆ తట్టడం నాది కాదు, బాబాయ్‌ది. రెండేళ్ళుగా నేను ఫోన్ చెయ్యకుండా తప్పించుకు తిరుగుతున్న మనిషిది.

బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు. తెలుగు పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో ఆయనా స్టడీ పర్మిట్ మీద దిగాడు. మాకు ఇరవై రెండు, ఇరవై మూడు. ఆయనకు నలభై ఏడు. ఒకే కాలేజీ, ఒకే కోర్సు, ఒకే ఇల్లు. ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్ళం. అన్నా అనడానికి నోరు రాక, అంకుల్ అంటే ఆయన ఒప్పుకోక, బాబాయ్ అని స్థిరపడింది.

ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆయన చెప్పులు విప్పకముందు వంటింటి గట్టును తట్టాడు. "రాయి కాదబ్బాయ్ ఇది. చెక్క మీద కాయితం అతికించారు" అన్నాడు. మేము అప్పటికే ఆ గట్టు ముందు నిలబడి ఫోటోలు దిగి, గ్రానైట్ కిచెన్ అని ఇళ్ళకు పంపించుకుని ఉన్నాం. ఆ సాయంత్రం ఆయనతో ఎవరూ మాట్లాడలేదు.

ఆయన చీమకుర్తి క్వారీలో ఇరవై ఏళ్ళకు పైగా సూపర్‌వైజరు. ప్రపంచంలో ఆయనకు రాళ్ళున్నాయి, రాళ్ళు కానివి ఉన్నాయి. బస్టాపులో బెంచీని తట్టేవాడు. బ్యాంకులో కౌంటర్ని తట్టేవాడు. కాలేజీ అధికారి ఆయన కాగితాలు తిరగేస్తుంటే ఆ బల్లను తట్టి, "ఇటలీది" అని నాతో గుసగుసగా చెప్పాడు. క్లాసులో ఏ లెక్క ఇచ్చినా ముందు దాన్ని ఇరవై టన్నుల బ్లాకు లెక్కలోకి మార్చుకునేవాడు. ఒకసారి లెక్చరర్ బిస్కెట్ల రవాణా గురించి చెబుతుంటే చెయ్యెత్తి, ఒక్కో బిస్కెట్టు ఎన్ని టన్నులుంటుందని అడిగాడు. నవ్వని వాళ్ళు లేరు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆయన చెయ్యి ఇంకా పైనే ఉంది, జవాబు కోసం.

భాష గురించి ఆయనకొక సిద్ధాంతం ఉండేది. మా పక్కింట్లో ఒక పోర్చుగీసు ముసలమ్మ. ఆమెతో బాబాయ్ కంచె దగ్గర నిలబడి గంటలకొద్దీ తెలుగులో మాట్లాడేవాడు. ఆమె పోర్చుగీసులో జవాబిచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"బాబాయ్, ఆమెకు తెలుగు రాదు కదా?"

"ఇంగ్లీషు కూడా రాదు గదబ్బాయ్."

"నీకు కొంచెం వచ్చు కదా?"

"నాకూ అంతంతే, ఆమెకూ అంతంతే. ఇద్దరం అంతంతగా మాట్లాడుకోవటం దేనికి? ఎవరిది వాళ్ళు మాట్లాడుకుంటే ఇద్దరికీ నిండుగా ఉంటది."

ఆ ముసలమ్మ ఆయనకు తన పెరట్లో ఆకుకూర కోసి ఇచ్చేది. నేను ఆమెతో చక్కటి ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ చెబితే తల తిప్పుకునేది.

ఆయన గదిలో గోడకు ఒక పాత క్యాలెండర్ కాగితం అంటించి ఉండేది. చీమకుర్తికి బ్లాకులు కొనడానికి వచ్చే ఒక చైనా వ్యాపారి ఎప్పుడో ఇచ్చినది. అందులో కొండను తొలిచి చేసిన పెద్ద బుద్ధుడు. దాతొంగ్ అనే బొగ్గు ఊరి పక్కన, పదిహేను వందల ఏళ్ళ కిందటి గుహలు. బుద్ధుడి ఒంటినిండా చిన్నచిన్న బెజ్జాలు. ఆ బెజ్జాల మీదే బాబాయ్‌కీ, ఆయనకు పని నేర్పిన మేస్త్రికీ తగువు. మేస్త్రి ఆ బొమ్మ చూసీ చూడగానే, "తూటా బెజ్జాలురా అవి. మందు పెట్టి పేల్చారు. మందు పెట్టకుండా కొండ కదలదు" అన్నాడట. బాబాయ్, "అప్పుడు మందు లేదు మేస్త్రీ, ఉలితోనే చేశారు" అన్నాడట. క్వారీ రెండు పార్టీలుగా చీలిపోయింది. ఇరవై ఏళ్ళు గడిచినా తగువు తెగలేదు. అప్పటికి మేస్త్రి రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై మంచం మీదున్నాడు. ప్రతి ఆదివారం బాబాయ్ ఇక్కణ్ణుంచి ఫోన్ చేస్తే, ఆయాసపడుతూనే మొదటి మాట, "తూటాలేరా" అనేవాడు.

నేను ఏప్రిల్లో పరీక్షలు అయ్యాక ఇండియా వెళ్దామనుకున్నాను. టికెట్టు బీజింగ్ మీదుగా దొరికింది. బాబాయ్ ఆ టికెట్టును పరీక్షగా చూసి, "బీజింగ్ నుంచి ఆ కొండకి రైలుందబ్బాయ్. నేనూ నీతో వస్తా, ఇంటికి పోయి తిరిగొచ్చేటప్పుడు అక్కడ మూడు రోజులు దిగుదాం. ఆ బెజ్జం లోతెంతో చూసి ఫోటో తీస్తే మేస్త్రి నోరు మూతపడుద్ది. నేను తీస్తే పొగమంచు తప్ప ఏం కనపడదు" అన్నాడు. ఆయన ఫోన్ కెమెరా అద్దం మీద క్వారీలో గులకరాయి పడింది. ఆ ఫోన్‌లో తీసిన ఎండాకాలం కూడా డిసెంబరులా ఉండేది.

ఇక నా సంగతి. నాకొక ప్రయాణాల వీడియో ఛానెల్ ఉండేది. చూసేవాళ్ళు రెండొందల చిల్లర. అందులో సగం మా చుట్టాలు. ఆ సగంలో సగం మా అమ్మ తెరిపించిన ఖాతాలు. ఒంటరి బాటసారిని అని నా పేరు కింద రాసుకున్నాను. అంతవరకూ నేను ఒంటరిగా వెళ్ళింది లాండ్రీకి మాత్రమే. ఈ ప్రయాణం కోసం నా నడుము కంటే ఎత్తైన బ్యాక్‌ప్యాక్ కొన్నాను. దానికి పదకొండు బెల్టులు. వాటిలో ఏడు దేనికో ఇప్పటికీ తెలియదు.

బాబాయ్ బ్యాక్‌ప్యాక్‌ను స్వయంగా తయారుచేసుకున్నాడు. ఇక్కడి కొట్లలో బాస్మతి బియ్యం జిప్పున్న గుడ్డ సంచిలో వస్తుంది. దానికి రెండు పాత ప్యాంటు బెల్టులు కుట్టి వీపుకు తగిలించుకున్నాడు. వెనకనుంచి చూస్తే బియ్యం బస్తా నడిచి వెళ్తున్నట్టు ఉండేది. అందులో ఒక జత బట్టలు, అటుకులు, గోంగూర పచ్చడి, అరచేతిలో పట్టే చీమకుర్తి రాయిముక్క. చైనాలో ప్రతి స్టేషన్లోనూ సంచులను మిషన్లో పెట్టి చూస్తారు. ప్రతి చోటా ఆ రాయి దగ్గర ఆపేవాళ్ళు. ప్రతి చోటా బాబాయ్ దాన్ని బల్లమీద పెట్టి, కణుపుతో తట్టి, "విను, వెండిగిన్నె మోగినట్టు లేదూ?" అని తెలుగులో చెప్పేవాడు. వాళ్ళు వినేవాళ్ళు. ఒకచోట ముగ్గురు పోలీసులు వంతులవారీగా విన్నారు. నేను పది అడుగుల అవతల నిలబడి, ఆయనెవరో నాకు తెలియనట్టు గోడమీది చైనా ప్రకటనలు శ్రద్ధగా చదివాను.

వేగంగా వెళ్ళే రైలు ఉన్నా ఆయన ఆరేడు గంటలు పట్టే పాసింజరే ఎక్కించాడు. "కొండలు చూసుకుంటా పోదాం" అన్నాడు. పెట్టె చివర వేడినీళ్ళ బాయిలరు. ఆ నీళ్ళతో అటుకులు తడిపి, గోంగూర కలిపి, ఎదురు సీట్లో ఉన్న చైనా మామ్మకు పెట్టాడు. ఆమె ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని, నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. పోయిందేమో అనుకున్నాను. కళ్ళు తెరిచి మళ్ళీ చెయ్యి చాపింది. ఇక అక్కణ్ణుంచి ఇద్దరూ దాతొంగ్ దాకా మాట్లాడుకున్నారు. ఆమె చైనా భాషలో, ఈయన తెలుగులో. మధ్యలో ఆమె ఏదో చెప్పి కన్నీళ్ళు పెట్టుకుంది. బాబాయ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమంటోంది బాబాయ్?"

"ఏమో అబ్బాయ్. పెద్దావిడ, ఏడుస్తంటే ఊరుకుంటామా?"

మూడు గంటల పాటు నేను కిటికీలోంచి బూడిదరంగు కొండలను, బొగ్గు వ్యాగన్లను వీడియో తీసి, నిశ్శబ్దంతో నా సంభాషణ అని పేరు పెట్టాను. వెనక గోంగూర గురించి వినబడుతూనే ఉంది.

మర్నాడు గుహల దగ్గర బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. రాయిని ముట్టకూడదని బోర్డు. విప్పితే తట్టేస్తానని ఆయనకు భయం. పడమటి చివర ఒక చిన్న గుహ బయట గోడ ఎప్పుడో పెచ్చు ఊడింది. దాంతో ఒక బెజ్జం నిలువునా సగానికి చీలి, లోపలంతా కనబడుతోంది. బాబాయ్ కంచె మీదికి వంగి చూశాడు.

"వేలెడు! అబ్బాయ్, వేలెడే లోతు! తూటా బెజ్జమైతే మూరెడు దిగాలి. అదిగో, లోపల కొయ్యముక్క కూడా మిగిలింది చూడు. మేకులు! తర్వాతెప్పుడో పైన మట్టిపూత నిలబడేందుకు కొట్టిన మేకులు. మేస్త్రీ, చచ్చావు పో!"

బియ్యం సంచితో సహా గుండ్రంగా తిరిగాడు. ఆయన చెప్పిన ప్రకారం ఆ బెజ్జాన్ని నలభై ఫోటోలు తీశాను. ఆయన వేలు పక్కన, రాయిముక్క పక్కన, ఎడమ నుంచి, కుడి నుంచి. ప్రతిదీ చూసి, "ఇది మేస్త్రికి. ఇదీ మేస్త్రికి" అన్నాడు.

ఆ తర్వాత క్యాలెండర్‌లోని పెద్ద బుద్ధుడి దగ్గరికొచ్చాం. గడ్డం కింద ఉలి గాట్లు చూడాలని బాబాయ్ సంచి తలకింద పెట్టుకుని నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. జనం చుట్టూ తిరిగి పోతున్నారు. అప్పుడే ఎడ్మంటన్ నుంచి వచ్చిన ఒక తెల్లజంట నన్ను పలకరించింది. వాళ్ళ బ్యాక్‌ప్యాకులు కూడా నాదంత ఉన్నాయి. నాకు చాలా ఆనందమైంది.

ఆమె నేలవైపు చూపించి, "ఆయన మీతో వచ్చారా?" అంది.

"మా గైడు" అన్నాను.

"పడుకుని చెబుతాడా?"

"అది వారి పద్ధతి."

"అయితే మేమూ వినొచ్చా?"

వద్దనడానికి కారణం దొరకలేదు. బాబాయ్‌ని లేపి, "వీళ్ళకు ఈ రాళ్ళ గురించి చెప్పాలట" అన్నాను. ఆయన దుమ్ము దులుపుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నేను ఇంగ్లీషులోకి మార్చాలి. మార్చాను.

"ముందు నెత్తి తొలిచారు. కొండను ఎప్పుడూ పైనుంచే దిగ్గొట్టుకుంటా రావాలి. కిందనుంచి మొదలెడితే ముక్కొచ్చి నీ నెత్తిన పడుద్ది" అన్నాడు బాబాయ్.

"జ్ఞానం శిరస్సులో మొదలవుతుంది అంటున్నారు" అన్నాను నేను.

"ఇది మెత్తరాయి. మా చీమకుర్తి రాయి ఇచ్చుంటే వీళ్ళు చెవి దగ్గరే మానేసి ఇంటికి పోయేవాళ్ళు."

"మెత్తదనమే మార్గం అంటున్నారు."

ఎడ్మంటన్ ఆమె పుస్తకం తీసి రాసుకుంది. మరో పదిమంది చేరారు. బాబాయ్ చేతులు విప్పి, గాలిలో ఉలి పట్టుకుని, లేని సుత్తితో కొట్టి చూపిస్తున్నాడు. అసలు గైడు ఒకాయన తన మందను అక్కడే వదిలి మా మందలోకొచ్చాడు. ఇది నా ఛానెల్‌కు పండగ అనుకుని ఫోన్ నిలబెట్టి, బుద్ధుడి ముందు నేను, నా వెనక బాబాయ్ వచ్చేట్టు రికార్డు చేస్తున్నాను. మధ్యలో ఆగిపోయింది. ఫోన్‌లో జాగా లేదు. ఏవి తీసెయ్యాలా అని చూశాను. రైల్లో తీసిన మూడు గంటల నిశ్శబ్దం ఉంది. బెజ్జం ఫోటోలు నలభై ఉన్నాయి. బెజ్జాలే కదా అనుకున్నాను. ఆ నలభై ఫోటోలనూ ఒకేసారి ఎంచి చెరిపేసి, చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. చేతికి రెండు క్షణాల పని. మనసుకు అది కూడా పట్టలేదు.

తలెత్తేసరికి బాబాయ్ మాట్లాడటం ఆపి నావైపు చూస్తున్నాడు. నా భుజానికి మూరెడు దూరంలో ఉన్నాడు.

"అయిందా అబ్బాయ్? మొదలెట్టనా?" అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాడు. అంతా అయ్యాక చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆయన నా దగ్గరికొచ్చి, "ఆ చివరి గుహ దాకా ఒక్కసారి పోయొద్దామా?" అన్నాడు.

"టైమైపోయింది బాబాయ్. రైలు తప్పిపోద్ది."

రైలుకు ఇంకా మూడు గంటలుంది. ఎడ్మంటన్ వాళ్ళు నూడుల్స్ తినడానికి రమ్మన్నారు, అంతే. ఆయన పడమటివైపు ఒకసారి చూసి, సంచి బెల్టులు సర్దుకుని నా వెనకే వచ్చాడు.

తిరుగు రైల్లో, "ఫోటోలు మేస్త్రికి పంపిద్దామా?" అన్నాడు. ఆ దేశంలో మన వాట్సాప్ తెరుచుకోదు, కెనడా వెళ్ళాక అన్నాను. కెనడా వచ్చాక అడిగితే, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను, వెతకాలి అన్నాను. మూడోసారి అడిగితే, పరీక్షలు కానియ్ అన్నాను. నాలుగోసారి అడగలేదు. ఆదివారాలు మాత్రం వంటింట్లోంచి వినిపించేది: "వేలెడే మేస్త్రీ! నా కళ్ళారా చూశా! ఫోటోనా? వస్తది, పిల్లోడు బిజీగా ఉన్నాడు."

కోర్సు అయ్యాక ఆయన విన్నిపెగ్ వెళ్ళిపోయాడు. బస్సు ఎక్కించడానికి ఇంట్లో అందరూ వెళ్ళారు. నాకు ఆ రోజు షిఫ్టు ఉందన్నాను. నా వీడియో ఇప్పటికీ ఛానెల్లో ఉంది. ఎక్కువమంది చూసింది అదొక్కటే. రెండో ముక్క మొదట్లో "అయిందా అబ్బాయ్" అన్నచోట కత్తిరించి, వేణువు పెట్టాను.

మంగళవారం ఆ పలక ముందు నిలబడి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"ఏందబ్బాయ్! బతికున్నావా?"

"ఉన్నా బాబాయ్. నువ్వేం చేస్తున్నావ్?"

"సమాధిరాళ్ళు చెక్కే కొట్లో. మంచి పని. కస్టమరు ఒక్కడు కూడా తిరిగొచ్చి కంప్లయింటు చెయ్యడు."

ఇంకాసేపు నవ్వితే చెప్పలేనని తెలిసి, గబగబా అన్నాను. "బాబాయ్, ఆ ఫోటోలు ల్యాప్‌టాప్‌లో లేవు. నేనే చెరిపేశాను. వీడియోకి జాగా లేక."

"తెలుసులే. చూశాగా."

"మరి అప్పుడే తిట్టలేదేం?"

"ఆ చివరి గుహ దాకా పోదామన్నానుగా. అదే తిట్టు."

ఫోర్క్‌లిఫ్ట్ పెద్దాయన నావైపే చూస్తున్నాడు. నేను పలకవైపు తిరిగాను. "మేస్త్రి ఎలా ఉన్నారు?"

"పోయిన ఏడు పోయాడబ్బాయ్. తూటాలేరా అంటానే పోయాడు. మొండోడు."

"ఫోటో చూపించుంటే నమ్మేవారేమో."

"నమ్మేవాడు కాదు" అన్నాడు బాబాయ్. "చూసేవాడు మాత్రం."

క్షమించమని అడగటానికి రెండేళ్ళుగా కూడగట్టుకున్న వాక్యాలన్నీ ఆ రెండు మాటల ముందు చెక్కమీద అతికించిన కాగితంలా అనిపించాయి. "తప్పు చేశాను బాబాయ్" అన్నాను, అంతే.

"ఊఁ" అన్నాడు. తర్వాత, "గొంతు గోడలకి కొట్టుకుంటంది. యాడున్నావ్?"

"గోదాములో. మన చీమకుర్తి రాయి వచ్చింది. పలకలు."

"అట్టాగా! తట్టు."

ఫోన్‌ను పలకకు దగ్గరగా పెట్టి తట్టాను.

"ఇంకొంచెం ఎడం పక్క. కిందకి. మళ్ళీ. ఆగాగు, అక్కడే." విన్నిపెగ్‌లో ఆయన కళ్ళు మూసుకున్నట్టు నాకు తెలిసిపోయింది. "డొల్లమోత. నీళ్ళు చల్లి తుడు. రాయంతా ఆరినాక ఏందన్నా మిగిలిద్దేమో చూడు."

తడిగుడ్డతో తుడిచాను. నలుపు మీద తడి మెల్లమెల్లగా ఆరింది. చుక్కలన్నీ మళ్ళీ మెరిశాయి. మధ్యలో ఒక్క గీత మాత్రం ఆరలేదు. తలవెంట్రుకంత సన్నగా, పైనుంచి కిందిదాకా.

"కనపడిందా?"

"కనబడింది బాబాయ్."

"సంతకం పెట్టమాక. పెద్దోళ్ళెవరన్నా ఒప్పుకోకపోతే ఫోన్ వాళ్ళకియ్యి, నేను చెప్తా."

ఏ భాషలో చెబుతావని అడగబోయి ఊరుకున్నాను. ఈలోగా ఫోర్క్‌లిఫ్ట్ పెద్దాయన దిగి వచ్చాడు. ఆ గీతను చూసి, నా చేతిలోని ఫోన్ లాక్కుని, పంజాబీలో ఏదో గట్టిగా అడిగాడు. అవతలనుంచి బాబాయ్ తెలుగులో అందుకున్నాడు. గీత కూడా ఆరిపోతే ఎలాగని నేను తడిగుడ్డ పట్టుకుని పలక పక్కనే నిలబడ్డాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.